యంత్రం ఇచ్చే మరణ వాంగ్మూలం



ప్రత్యేక సంచికకు మీ వృత్తికి సంబంధించిన చరిత్ర ఏదైనా వ్రాయండి అని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ఏం వ్రాయాలా అని కొన్ని రోజులు ఆలోచించాను. చివరికి విషయం మా ఇంట్లోనే దొరికింది. మా మనవరాలు కంప్యూటరు ముందు కూర్చుని చదువుకుంటూ ఉండగా ఆ ప్రోగ్రాం ఉన్నట్టుండి మూసుకుపోయింది. తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. ప్రోగ్రాం అనుకోకుండా ఆగిపోయింది, ఆ వివరాలను తయారుచేసినవారికి పంపమంటారా అని అందులో ఉంది.

"తాతయ్యా, ఇది పంపాలా వద్దా? పంపితే ఎవరైనా చదువుతారా? మన సంగతులన్నీ వాళ్ళకు తెలిసిపోవూ?" అని అడిగింది.

మూడూ మంచి ప్రశ్నలే. కంప్యూటరు సెక్షన్లో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసిన నాకే వెంటనే జవాబు చెప్పడం కష్టమైంది. సరిగ్గా చెప్పాలంటే డెబ్భై అయిదేళ్ళ చరిత్ర చెప్పాలి. ఆమెకు చెప్పిందే కొంచెం వివరంగా ఇక్కడ వ్రాస్తున్నాను.

పంచనామా లాంటిది

ఒక గుమాస్తా లెక్కలు వేస్తూ వేస్తూ బల్ల దగ్గరే స్పృహ తప్పి పడిపోయాడనుకుందాం. వెంటనే బల్ల శుభ్రం చేసి ఇంకొకరిని కూర్చోబెడితే పని సాగుతుంది. కాని అతను ఏం చూస్తుండగా అలా జరిగిందో ఎప్పటికీ తెలియదు. అలాకాక, ఏ రిజిస్టరు ఏ పేజీ దగ్గర తెరిచి ఉంది, కలం ఏ వరుస మీద ఆగింది, చిత్తు కాగితం మీద ఏ అంకెలున్నాయి అన్నది ఉన్నది ఉన్నట్టు వ్రాసి పెడితే, తరువాత తీరికగా కూర్చుని కారణం వెతకవచ్చు. కంప్యూటరు ప్రోగ్రాం అర్ధంతరంగా ఆగిపోయినప్పుడు దాని జ్ఞాపకశక్తిలో ఆ క్షణాన ఉన్నదంతా ఇలా దించి పెట్టడాన్నే మేము డంపు అంటాము. ప్రోగ్రాం కుప్పకూలినప్పుడు తీసేది కనుక క్రాష్ డంపు అని పేరు వచ్చింది.

మొదటి పోస్టుమార్టం

ప్రోగ్రాములో తప్పును బగ్ అంటారని ఇప్పుడు పిల్లలకు కూడా తెలుసు. 1947 సెప్టెంబరులో అమెరికాలోని హార్వర్డ్ మార్క్-2 యంత్రంలో ఒక రిలే మధ్య చిమ్మెట ఇరుక్కుని పని ఆగిపోతే, దాన్ని తీసి లాగ్‌బుక్కులో అంటించి, నిజంగా దొరికిన మొదటి పురుగు ఇదేనని సరదాగా వ్రాసిపెట్టారు. ఆ లాగ్‌బుక్కు ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి మ్యూజియంలో ఉంది. ఆ మాట మాత్రం అంతకుముందే ఇంజినీర్లలో వాడుకలో ఉండేది. 1878లోనే ఎడిసన్ ఒక ఉత్తరంలో వాడాడు.

చిమ్మెట కంటికి కనబడుతుంది. ప్రోగ్రాములోని తప్పు కనబడదు. ఈ సంగతి తొలినాళ్ళలోనే అనుభవానికి వచ్చింది ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో. అక్కడ మారిస్ విల్క్స్ ఆధ్వర్యంలో తయారైన ఎడ్‌శాక్ అనే యంత్రం 1949 మే 6న మొదటిసారి పనిచేసింది. పాదరసం నింపిన గొట్టాలే దాని జ్ఞాపకశక్తి. మొదట్లో అందులో 512 గదులు మాత్రమే ఉండేవి. ఆ రోజుల్లోనే, యంత్రం ఉన్న గదికీ టేపు పంచింగ్ చేసే చోటుకీ మధ్య మెట్లెక్కి తిరుగుతుండగా, తన మిగిలిన జీవితంలో పెద్ద భాగం తన ప్రోగ్రాముల్లోని తప్పులు వెతుక్కోవడానికే సరిపోతుందని తనకు అర్థమైందని విల్క్స్ 1985లో వచ్చిన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. ఆయన తొలి రోజుల్లో వ్రాసిన ఒక ప్రోగ్రాం టేపు తరువాతి కాలంలో దొరికింది. 126 ఆజ్ఞలున్న ఆ ప్రోగ్రాములో ఇరవై దాకా తప్పులున్నాయని చరిత్రకారులు లెక్కగట్టారు. అంతటివాడికే అలా అయితే మనలాంటివాళ్ళ సంగతి చెప్పాలా!

మొదట్లో ప్రోగ్రాం ఆగిపోతే, వ్రాసినవాడు యంత్రం ముందు నిలబడి, ఒక్కొక్క ఆజ్ఞనే నడిపించుకుంటూ చిన్న తెర మీది చుక్కలు చూసి తప్పు పట్టుకోవడానికి ప్రయత్నించేవాడు. వెనుక మిగతావాళ్ళు క్యూలో నిలబడి ఉండేవారు. యంత్రం ఒక్కటే, సమయం విలువైనది. దీనికి కేంబ్రిడ్జిలోనే ఒక దారి కనిపెట్టారు. ప్రోగ్రాం చచ్చిపోయిన తరువాత ఇంకొక చిన్న ప్రోగ్రాం ఎక్కించి, జ్ఞాపకశక్తిలో మిగిలి ఉన్న అంకెలను కాగితం మీద అచ్చు వేయించడమే ఆ దారి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు కూడా పోస్టుమార్టమే. ఎడ్‌శాక్ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకునే విధానం మీద స్టాన్లీ గిల్ 1951లో రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆ కాగితం పట్టుకుని వెళ్ళి ఎవరి బల్ల దగ్గర వారు కూర్చుని ఆలోచించుకోవచ్చు, యంత్రం ఇంకొకరికి ఖాళీ అవుతుంది. తప్పు వెతకడం అన్న పని యంత్రం దగ్గర నుంచి బల్ల దగ్గరకు మారింది అప్పుడే.

కోర్ డంపు

1953లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో వర్ల్‌విండ్ అనే కంప్యూటరుకు అయస్కాంతపు పూసలతో జ్ఞాపకశక్తి అమర్చారు. ఆవగింజల్లాంటి చిన్న ఉంగరాలను సన్నని తీగలతో వల మాదిరిగా అల్లేవారు. ఒక్కొక్క ఉంగరం ఒకటో సున్నానో గుర్తుంచుకునేది. ఆ ఉంగరాన్ని కోర్ అంటారు. అందులో ఉన్నది దించితే అది కోర్ డంపు. 1970లలో ఉంగరాలు పోయి చిప్పులు వచ్చాయి. అయినా బెల్ ప్రయోగశాలలో 1969 నుంచి రూపుదిద్దుకున్న యునిక్స్‌లో, ప్రోగ్రాం కూలిపోతే డిస్కు మీద మిగిలే ఫైలుకు కోర్ అనే పేరే పెట్టారు. ఆ పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది.

1964 ఏప్రిల్ 7న ఐబీఎం వారు సిస్టం-360 ప్రకటించారు. ప్రపంచంలోని బ్యాంకుల్లో, బీమా కార్యాలయాల్లో, జీతాల సెక్షన్లలో రెండు మూడు దశాబ్దాల పాటు ఆ వంశపు యంత్రాలే రాజ్యమేలాయి. ఆ భాషలో ప్రోగ్రాం అర్ధంతరంగా ఆగడాన్ని అబెండ్ అనేవారు. అబెండ్ అయితే లైన్ ప్రింటరు మీద మడతల కాగితం గుట్టలుగా వచ్చేది. కాగితమంతా సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలు, ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు, అంతే. చూసినవారు చీమల బారు అనుకునేవారు.

మా సెక్షన్లో ఒక రాత్రి

ఇప్పుడు నా అనుభవం ఒకటి మనవి చేస్తాను. 1979లో నేను మూడేళ్ళ సర్వీసు ఉన్న ప్రోగ్రామర్ని. కార్యాలయం పేరు వ్రాయడం లేదు, కొందరు మిత్రులకు ఎలాగూ తెలుస్తుంది. నెలాఖరు. జీతాల బిల్లు ప్రోగ్రాం సాయంత్రం ఏడు గంటలకు వేశారు. మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ వేశారు, అక్కడే ఆగింది. మూడోసారి వేశారు, అదే తంతు. నాకు కబురు వచ్చి నేను వెళ్ళేసరికి రాత్రి పదకొండు దాటింది.

డంపు ఏదీ అని అడిగాను. లేదన్నారు. డంపు తీయమని యంత్రానికి చెప్పే కార్డు ఒకటి ప్రతి జాబుకూ పెట్టాలి. డంపు కాగితాలు తూకానికి అమ్మడానికి తప్ప ఎందుకూ పనికిరావడం లేదు, కాగితం ఖర్చు తగ్గించండి అని కొన్ని నెలల క్రితం ఒక ఆదేశం వచ్చింది. ఆ ఆదేశం ప్రకారం అన్ని జాబుల నుంచీ ఆ కార్డు తీసేశారు. అందువల్ల మూడుసార్లు ప్రాణం పోయినా వాంగ్మూలం మాత్రం ఒక్కటీ లేదు.

ఈలోగా పై అధికారి ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఆ నెల కార్డులు పంచింగ్ చేసింది కొత్తగా చేరిన ఒక సోదరి. తప్పు కార్డు కొట్టి ఉంటుంది, పొద్దున్నే మెమో ఇస్తాను అన్నారు. ఆమె ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. మెమో అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు.

కార్డు పెట్టి నాలుగోసారి వేయించాను. అదే చోట ఆగింది, ఈసారి మాత్రం గుట్ట కాగితం వచ్చింది. పైన ఎస్0సి7 అని ఉంది. లెక్క చేయవలసిన చోట అంకె కానిది ఏదో ఉందని దాని అర్థం. యంత్రం ఏ ఆజ్ఞ దగ్గర ఆగిందో చిరునామా కూడా అక్కడే ఉంటుంది. ఆ చిరునామా లోంచి ప్రోగ్రాం మొదలైన చిరునామా తీసేసి, మిగిలినదాన్ని కోబాల్ లిస్టింగులో వెతికాను. అప్పు వాయిదా మొత్తాన్ని తగ్గింపుల్లో కలిపే వాక్యం అది. ఇక ఆ క్షణాన యంత్రం ఎవరి లెక్క చూస్తోందో తెలియాలి. ఐబీఎం పద్ధతిలో సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలు ఎఫ్0 నుంచి ఎఫ్9 వరకు కనబడతాయి. ఖాళీ చోటు 40గా కనబడుతుంది. ఉద్యోగి నంబరు ఎఫ్‌లతో శుభ్రంగా ఉంది, మూలవేతనం ఉంది, వాయిదా ఉండవలసిన చోట మాత్రం 40 40 40 40 40 అని ఉంది.

ఆ నంబరు కార్డు తీసి చూశాము. ఆ గడుల్లో ఏమీ లేదు. సెక్షన్ నుంచి వచ్చిన అసలు ఫారం తీసి చూశాము. అందులోనూ ఏమీ లేదు. ఆ ఉద్యోగి అప్పుడే చేరాడు, అప్పు తీసుకోలేదు, గుమాస్తా ఆ గడి ఖాళీగా వదిలేశాడు. ఆ సోదరి ఫారంలో ఉన్నది ఉన్నట్టే కొట్టింది. మనిషికి ఖాళీ అన్నా సున్నా అన్నా ఒకటే. యంత్రానికి కాదు. లెక్కలో కలిపే ముందు ఇది అంకేనా అని అడిగే సౌకర్యం కోబాల్‌లో ఉంది. ఆ ఒక్క వాక్యం వ్రాయనిది నేను. తప్పు నాది.

తెల్లవారుజామున ఆ వాక్యం చేర్చి బిల్లు పూర్తి చేశాము. జీతాలు ఒక పూట ఆలస్యమయ్యాయి. సంగతంతా కాగితం మీద వ్రాసి, డంపులోని ఆ పేజీ జతపరిచి, పొద్దున్నే అధికారి గారికి ఇచ్చాను. ఆయన మంచివారే. చదివి, మెమో చింపేసి, నన్ను నాలుగు చివాట్లు పెట్టి, డంపు కార్డు మళ్ళీ అన్ని జాబులకూ పెట్టమన్నారు. ఆ పేజీ లేకపోతే నేను కూడా నా ప్రోగ్రాం తప్పు లేదనే నమ్మి ఉండేవాణ్ణి. ఆ అమ్మాయి సర్వీసు రికార్డులో ఒక మచ్చ మిగిలిపోయేది.

ఇంటింటా కంప్యూటరు వచ్చాక

మా రోజుల్లో డంపు చదివేవాడు పక్క గదిలోనే ఉండేవాడు. కంప్యూటర్లు ఇళ్ళల్లోకి వచ్చాక ఆ వీలు పోయింది. ప్రోగ్రాం వ్రాసినవాడు ఒక దేశంలో, అది ఆగిపోయింది ఇంకో దేశంలో. ఏమైంది అని అడిగితే వాడేవారు "ఆగిపోయిందండీ" అని తప్ప ఏమి చెప్పగలరు? 1990ల తొలినాళ్ళలో మైక్రోసాఫ్ట్ వారు విండోస్‌తో డాక్టర్ వాట్సన్ అనే ఒక చిన్న ప్రోగ్రాం ఇచ్చారు. షెర్లాక్ హోమ్స్ మిత్రుడైన డాక్టరు పేరది. ప్రోగ్రాం కూలినప్పుడు అది వివరాలు వ్రాసి ఆ కంప్యూటరులోనే దాచేది. దాచిన కాగితం తయారీదారు దాకా చేరే దారి మాత్రం సామాన్యులకు లేదు.

ఇంటర్నెట్ వచ్చాక ఆ దారి ఏర్పడింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ, ప్రోగ్రాం ఆగిపోతే నివేదిక పంపమంటారా అని అడగడం మొదలుపెట్టింది. జ్ఞాపకశక్తి మొత్తం పంపితే చాలా పెద్దదవుతుంది. అందుకని ఎక్కడ ఆగింది, అక్కడికి ఏ దారిన వచ్చింది, ఆ సమయంలో ఏ ఏ భాగాలు ఎక్కి ఉన్నాయి అన్నంత వరకే ఒక సంక్షిప్త డంపు తయారు చేస్తారు. దాన్ని మినీడంపు అంటారు. వచ్చినవాటిని ప్రోగ్రాం పేరు, ఆగిన చోటు వగైరాలను బట్టి యంత్రమే కట్టలు కడుతుంది. ఏ కట్ట లావుగా ఉంటే దాన్ని ముందు విప్పుతారు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు ఊరి వారీగా గళ్ళలో వేసినట్టే.

ఈ కట్టలు కట్టడం వల్ల ఎవరూ ఊహించని సంగతి ఒకటి బయటపడింది. 2002 అక్టోబరులో స్టీవ్ బామర్ ఖాతాదారులకు వ్రాసిన లేఖలో, నూటికి ఇరవై తప్పులే నూటికి ఎనభై వైఫల్యాలకు కారణమని, నూటికి ఒక్క తప్పు వల్లే సగం వైఫల్యాలు వస్తున్నాయని తెలిపాడు. అంటే వంద తప్పుల్లో సరైన ఒక్కదాన్ని దిద్దితే సగం మందికి బాధ తీరుతుంది. ఏది ఆ ఒక్కటి అన్నది జనం పంపిన నివేదికలే చెప్పాలి. 2009 నాటికి ఆ వ్యవస్థ వందకోట్ల కంప్యూటర్లకు వర్తించేదని, పదేళ్ళలో వందల కోట్ల నివేదికలు వచ్చాయని ఆ సంస్థ ఇంజినీర్లు ఒక పరిశోధన పత్రంలో వ్రాశారు. ఫైర్‌ఫాక్స్ వంటి ఇతర ప్రోగ్రాములకూ ఇలాంటి ఏర్పాట్లే వచ్చాయి. 1998 నుంచి మైక్రోసాఫ్ట్ వారికి హైదరాబాదులోనూ అభివృద్ధి కేంద్రం ఉంది. మన సభ్యుల పిల్లల్లో ఎంతోమంది ఇలాంటి సంస్థల్లో ఉన్నారు. డంపు చదివే పని ఏమిటో వారిని అడిగి చూడండి.

తప్పు ఒక్కోసారి ప్రోగ్రాములోదే కాకపోవచ్చు. కొన్ని డంపుల్లో, ఎప్పటికీ విఫలం కావడానికి వీలులేని సాదా ఆజ్ఞ దగ్గర యంత్రం ఆగినట్టు కనిపించిందని మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్ 2005లో వ్రాశాడు. ఆరా తీస్తే కొందరు తమ యంత్రాన్ని నిర్ణీత వేగం కంటే ఎక్కువ వేగంతో నడుపుతున్నారు. ఇంకొందరికైతే ఆ సంగతే తెలియదు, దుకాణదారు అలా బిగించి అమ్మేశాడు. ఇక్కడ కూడా డంపు ఒక నిర్దోషిని కాపాడింది.

2024 జూలై 19

ఆ రోజు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన కాలమానం ప్రకారం ఉదయం 9.39కి క్రౌడ్‌స్ట్రయిక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ సంస్థ ఒక చిన్న ఫైలు విడుదల చేసింది. గంటా ఇరవై నిమిషాల లోపే వెనక్కి తీసుకుంది. ఈలోగానే ప్రపంచమంతటా నీలి తెరలు వచ్చాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్ళే ఒక ప్రయాణికుడికి విమానాశ్రయంలో చేత్తో వ్రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. దాని ఫోటో దేశమంతా చూసింది.

కారణం ఏమిటని డంపులు తీసి చూస్తే, ఆ ప్రోగ్రాం తనకు చెందని చోటు చదవబోయి పడిపోయిందని తేలింది. మైక్రోసాఫ్ట్ తనకు అందిన డంపుల విశ్లేషణను అదే నెలలో ప్రచురించింది. క్రౌడ్‌స్ట్రయిక్ తన విచారణ నివేదికలో మూలకారణం వివరించింది. ఒక పట్టికకు 21 గడులు ఉండాలని ఒకచోట నిర్ణయించారు, ప్రోగ్రాం మాత్రం 20 గడులే నింపి ఇస్తోంది. కొత్త ఫైలు 21వ గడి చూడమంది. అక్కడ ఏమీ లేదు.

చదివినప్పుడు నాకు 1979 నాటి ఆ రాత్రి గుర్తుకు వచ్చింది. 45 ఏళ్ళు గడిచినా ఖాళీ గడి ఖాళీ గడే. ఆ గడిలో ఏమైనా ఉందా అని ముందుగా అడగని ప్రోగ్రామరూ మా జాతివాడే.

పంపాలా వద్దా

ఇక మనవరాలి ప్రశ్నలు. ఎవరైనా చదువుతారా? ప్రతి నివేదికనూ మనిషి చదవడు. యంత్రం కట్టల్లో వేస్తుంది, కట్ట పెద్దదైతే మనిషి విప్పుతాడు. మనది ఓటు వంటిది. ఒక్క ఓటుతో గెలుపు రాదు కాని, ఓట్లు లేకుండా ఎన్నికే లేదు.

మన సంగతులు తెలిసిపోతాయా? కొంత అవకాశం ఉంది, దాచకూడదు. ఆ క్షణాన జ్ఞాపకశక్తిలో ఉన్నదే డంపులోకి వస్తుంది. మీరు వ్రాస్తున్న ఉత్తరంలో ఒక ముక్క ఉండవచ్చు, మరొకటి ఉండవచ్చు. పెద్ద సంస్థలకే ఈ భయం ఉంది. 2023లో మైక్రోసాఫ్ట్ ఈమెయిలు ఖాతాల్లోకి దొంగలు చొరబడిన సంఘటనలో, ఒక రహస్య తాళంచెవి 2021 నాటి క్రాష్ డంపు ద్వారా బయటపడి ఉంటుందని ఆ సంస్థ ఆ ఏడాది సెప్టెంబరులో తెలిపింది. ఆ తాళంచెవి ఉన్న డంపు ఏదీ తమకు దొరకలేదని 2024 మార్చిలో సవరించుకుంది. ఏమైనా, డంపును రహస్య కాగితంలా చూడాలన్న పాఠం మిగిలింది.

కనుక నా సలహా ఇది. ఆట, పాట, పేపరు చదవడం వంటి మామూలు పని మీద ఉండగా ప్రోగ్రాం ఆగితే నివేదిక పంపండి. బ్యాంకు పనో, ఆస్పత్రి కాగితాలో తెరిచి ఉంటే పంపవద్దు, దాని వల్ల ఏ నష్టమూ లేదు. ముఖ్యంగా ఒక మాట గుర్తుంచుకోండి. నిజమైన పెట్టె పంపమంటారా వద్దా అని మాత్రమే అడుగుతుంది. మీ కంప్యూటరు పాడైంది, ఈ నంబరుకు ఫోను చేయండి, ఓటీపీ చెప్పండి, డబ్బు కట్టండి అన్నదంటే అది దొంగ పెట్టె. మన వయసు వారినే ఎక్కువగా వెతుక్కుంటూ వస్తున్నారు. వెంటనే మూసేసి ఇంట్లో పిల్లలను పిలవండి.

ఇదంతా విని మనవరాలు పంపు అన్న మీట నొక్కింది. ఏం చేస్తుండగా ఆగిందో వ్రాయమని కింద ఒక గడి ఉంది. "అది ఖాళీగా వదలకమ్మా" అన్నాను. ఆమె నవ్వి రెండు వాక్యాలు వ్రాసింది.

చివరగా ఒక విన్నపం. మన సభ్యుల్లో కంప్యూటరు సెక్షన్లలో, పంచింగ్ సెక్షన్లలో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. మీ ఇంట్లో ఆనాటి పంచ్ కార్డు గాని, పచ్చ చారల కాగితం గాని ఉంటే తూకానికి వేయకండి. మీ అనుభవంతో పాటు సంఘానికి పంపండి. అవి చూసినప్పుడైనా, తప్పు ఎవరిదో తేల్చేముందు కాగితం చూడాలన్న అలవాటు మన పిల్లలకు తెలుస్తుంది.

సెలవు.